నాలుక కింద చీమ

మార్చి 3, సోమవారం

వదినను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి మూడు రోజులైంది. ఇవాళ ఆస్పత్రివాళ్ళు పంపిన నర్సమ్మ మొదటిసారి ఇంటికి వచ్చింది. ఇకనుంచి సోమవారం, గురువారం వస్తుందట. మెట్లెక్కి వచ్చి, కూర్చోకముందే ఎన్ని మెట్లని అడిగింది. ఇరవై రెండు అన్నాను. మామ్మ ఇవి ఎక్కకూడదు, దిగకూడదు అంది. కింద నా గడియారాల కొట్టు, పైన రెండు గదులు. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే. ఏం చెప్పను.

నర్సమ్మ గబగబా మాట్లాడుతుంది. అందినంత రాసుకుంటున్నాను.

గుండెకు రక్తం తీసుకెళ్ళే గొట్టాలు సన్నబడ్డాయి. పని ఎక్కువైతే ఆ రక్తం చాలదు. అప్పుడు నొప్పి. పొద్దున గుండె వేగం తగ్గించే మాత్ర, సగం ముక్క. అది ఇచ్చే ముందు నాడి నిమిషం పాటు లెక్కపెట్టాలి. యాభై ఐదుకు తగ్గితే మాత్ర ఇవ్వకుండా తనకు ఫోన్ చేయాలి. భోజనం తర్వాత ఇంకొకటి, రక్తం గడ్డకట్టకుండా. నొప్పి వస్తే మట్టిరంగు గాజు సీసాలోది. కూర్చోబెట్టి నాలుక కింద పెట్టాలి, మింగకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆంబులెన్సుకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు రెండోది. వేసుకున్నాక వెంటనే లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి. తలనొప్పి వస్తుంది, భయపడొద్దంది.

సీసా గురించి ఇంకా ఏదో మొదలుపెట్టింది. అప్పుడే వదిన, పెళ్ళయిందా పిల్లా అని అడిగింది. మాట అటు పోయింది.

పోతూ పోతూ ఒక నోటుబుక్కు ఇచ్చింది. తేదీ, నాడి, నొప్పి, మాత్ర, నాలుగు గడులు. అది డాక్టరు చూస్తాడు. ఇది నా పాత రిపేర్ల రిజిస్టరు. వెనక సగం ఖాళీ. ఇది ఎవరూ చూడరు.

మార్చి 4

నాడి 72 అని రాశాను. లెక్కపెట్టలేదు.

మార్చి 6, గురువారం

నర్సమ్మ నోటుబుక్కు చూసింది. మూడు రోజులూ డెబ్బై రెండే. ఇంత సరిగ్గా కొట్టుకునే గుండె నేనెక్కడా చూడలేదు పెద్దాయనా, గడియారమా ఇది అంది. నేను నేల చూశాను.

వదిన చెయ్యి పట్టుకోవడమేమిటి. నాకు ఆరేళ్ళప్పుడు వదిన మా ఇంటికి వచ్చింది. ఆమెకు పదిహేడు. అమ్మ లేదు. నాకు జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఈవిడే. అది వేరు. మీసాలు వచ్చాక ఒక్కసారి కూడా చెయ్యి తగల్లేదు. మంచినీళ్ళ గ్లాసు కూడా బల్ల మీద పెడతాను, ఆమె తీసుకుంటుంది. అన్నయ్య పోయి పదకొండేళ్ళు. అప్పటినుంచి మరీను.

ఈ సంగతి నర్సమ్మకు వదినే చెప్పింది, నేను అక్కడే ఉండగా. ఇంకా చెప్పింది. నాకు సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడు పిల్ల ఎలా ఉందని అడిగితే, వాళ్ళ గోడగడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోందన్నానట. నర్సమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఇద్దరికీ నేనొక ఆట.

చివరికి నర్సమ్మ నా మూడు వేళ్ళు తీసుకుని వదిన మణికట్టు మీద పెట్టింది. అరవై ఎనిమిది.

మార్చి 7

చేతిరుమాలు వేసి, దాని మీద నుంచి పట్టుకున్నాను. దెబ్బ అందలేదు. వదిన అంది: "ఏరా చిన్నోడా, నా చెయ్యి కాలుతోందా?"

రుమాలు తీసేశాను. 66.

మార్చి 9, ఆదివారం

పొద్దున తొమ్మిదిన్నరకు నొప్పి. పక్క సర్దుతుంటే వచ్చింది. సర్దొద్దని చెబుతూనే ఉన్నాను. ఛాతీ మీద ఎవరో తిరగలి పెట్టినట్టుందట. కుర్చీలో కూర్చోబెట్టి సీసా తీశాను. మాత్ర ఆవగింజకు కాస్త పెద్దది. నాలుక కింద పెట్టుకుని మొహం చిట్లించింది. చీమ కుట్టినట్టుందిరా అంది. మూడు నిమిషాల పది సెకన్లకు నొప్పి పోయింది. ఆ తర్వాత గంటసేపు తలనొప్పి. నన్నే తిట్టింది, మందు నేనే కనిపెట్టినట్టు.

అమ్మాయి ఫోన్ చేసింది. వదిన కూతురు. అయిదు గంటల బస్సు దూరంలో ఉంటుంది. వాళ్ళది కింది ఇల్లు, మెట్లు లేవు. అమ్మను మా దగ్గరికి పంపు చిన్నాన్నా అంటుంది. చూద్దాం అన్నాను.

మార్చి 12, బుధవారం

ఈ రోజు రిపేరు ముట్టలేదు.

కొట్లో ఉన్నాను. పైన టక్ టక్ మని చప్పుడు. పక్కింటివాళ్ళు గోడకు మేకు కొడుతున్నారనుకున్నాను. అయిదారు దెబ్బల తర్వాత ఆగిపోయింది. అప్పుడు పరుగెత్తాను. వదిన కుర్చీలో ముందుకు వంగి ఉంది. చేతిలో సీసా. మూత రాలేదు. అది నొక్కి తిప్పే మూత. వదిన వేళ్ళు కీళ్ళ దగ్గర వంకర పోయి ఎన్నో ఏళ్ళయింది, నొక్కితే తిప్పలేదు, తిప్పితే నొక్కలేదు. సీసా పగలగొడదామని కుర్చీ చేతికేసి కొడుతోంది.

తీసి పెట్టాను. తగ్గింది. చీమ కుట్టింది, తలనొప్పి వచ్చింది.

నేను లేనప్పుడు వస్తే?

మార్చి 13, గురువారం

దారి దొరికింది. గడియారాల చిన్న చక్రాలు, మరలు పెట్టుకునే అల్యూమినియం డబ్బాలున్నాయి నా దగ్గర, పైన గాజు మూతవి. వేలితో ఇలా అంటే వచ్చేస్తుంది. లోపల ఏముందో పైనుంచే కనిపిస్తుంది. ఒకటి వేడినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, మాత్రలన్నీ అందులో పోశాను. వదిన కుర్చీ పక్కన కిటికీ గట్టు మీద పెట్టాను, చెయ్యి చాపితే అందేలా. వదినను మూడుసార్లు తీయమన్నాను. మూడుసార్లూ తీసింది.

"మీ అన్నయ్య చూస్తే మెచ్చుకునేవాడు" అంది. అన్నయ్య ఎవర్నీ మెచ్చుకున్న మనిషి కాదు. పని నేర్పింది ఆయనే, నాకు తెలుసు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. అడుగుదామనుకున్నాను, డబ్బాలో పెట్టొచ్చా అని. ఆమె గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా వచ్చి, నిలబడే బీపీ చూసింది, ఇంకో ఇంటికి వెళ్ళాలట. వెళ్తూ, నొప్పి మాత్రలు సీసాలోనే ఉన్నాయిగా అంది. తల ఊపాను. ఆమె వచ్చే ముందు డబ్బా చొక్కా జేబులో వేసుకున్నాను ఎందుకో. మెట్లు దిగిపోయాక మళ్ళీ కిటికీలో పెట్టాను.

తల ఊపడం అబద్ధం కిందకు వస్తుందా.

మార్చి 19

64. నొప్పి లేదు. పనులు సాగుతున్నాయి. కిటికీలో పొద్దుటి ఎండ పడితే డబ్బా మెరుస్తుంది. వదినకు కళ్ళజోడు లేకపోయినా కనపడుతుందట.

మార్చి 27, గురువారం

ఈ వారం రెండుసార్లు నొప్పి. రెండుసార్లూ మాత్ర తనే తీసి వేసుకుంది, నేను కొట్లోంచి వచ్చేసరికి అయిపోయింది. తలనొప్పి కూడా రాలేదట. ఒళ్ళు మందుకు అలవాటు పడినట్టుంది. మంచిదే. తిట్లు తప్పాయి.

ఏప్రిల్ 2

65. నొప్పి లేదంది.

ఏప్రిల్ 3

నొప్పి లేదంది. మధ్యాహ్నం మాత్రం చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్ర కావచ్చు.

ఏప్రిల్ 8, మంగళవారం

స్నానం చేసి వచ్చాక మొదలైంది. మాత్ర పెట్టాను. గడియారం చూస్తూ నిలబడ్డాను. ఐదు నిమిషాలు. తగ్గలేదు. ఆంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పాలి. పేరు, వీధి, ఏమైంది, ఎవరు మీరు అని అడుగుతారు. ముందు మాటలు పేర్చుకుంటున్నాను. వదిన చెయ్యి ఊపింది, వద్దు వద్దు అని. రెండోది పెట్టాను. పద్నాలుగు నిమిషాలకు తగ్గింది. నుదుటి మీద చెమట. మాత్రకు తగ్గిందా, దానంతట అదే తగ్గిందా, తెలియదు.

తొమ్మిది నిమిషాలు ఫోన్ పట్టుకుని నిలబడిన మనిషిని.

నోటుబుక్కులో రెండు మాత్రలు అని రాశాను. నిమిషాల సంగతి రాయలేదు.

ఏప్రిల్ 10, గురువారం

నర్సమ్మ ఆ గడి దగ్గర ఆగింది. రెండు మాత్రలా, ఫోన్ ఎందుకు చేయలేదని అడిగింది. నేను చెప్పేలోపే వదిన, తగ్గిపోయిందిలే పిల్లా అంది. నర్సమ్మ బయటికి వెళ్ళి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి వచ్చింది. జబ్బు ముదురుతోందేమోనట. పొద్దుటి మాత్ర సగం కాదు, ఇక నిండుది ఇవ్వాలి. నాడి జాగ్రత్తగా చూడండి, మీ లెక్క మీదే నేను నడుస్తున్నాను అంది.

ఏప్రిల్ 14

58. వదిన చేతులు చల్లగా ఉన్నాయి.

ఏప్రిల్ 17

56. నర్సమ్మ తనే చూసి, సరిగ్గా అంచు మీద ఉంది, కళ్ళు పెట్టుకుని చూడండి అంది. నాలుగడుగులు వేస్తే వదిన గోడ పట్టుకుంటోంది. నర్సమ్మ ముందు మాత్రం నిటారుగా కూర్చుంది.

ఏప్రిల్ 19

54. మళ్ళీ లెక్కపెట్టాను. 54. కాసేపు మాట్లాడించి మళ్ళీ లెక్కపెట్టాను. 56. మాత్ర ఇచ్చాను.

యాభై ఏళ్ళుగా సెకన్ల ముల్లు చూసే కన్ను ఇది. మొదటి లెక్క తప్పదు. తెలుసు.

ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మాయి ఫోన్. రెండు మాత్రల సంగతి వదినే నోరు జారింది. అమ్మాయి నన్ను పిలిచి, కోపం లేకుండానే చెప్పింది: "చిన్నాన్నా, నువ్వు బాగా చూసుకోవని కాదు. ఇంకొక్కసారి ఏమైనా అయిందంటే నేనొచ్చి తీసుకెళ్ళిపోతాను. అప్పుడు నన్నేమీ అనకు."

నేనెప్పుడు ఎవర్ని ఏమన్నాను.

వదిన వెళ్తే ఈ రెండు గదుల్లో మాట్లాడేవాళ్ళెవరు. నేను మాట్లాడను కదా.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున రిటైరైన బస్సు కండక్టరు వచ్చాడు. పాత చేతి గడియారం తెచ్చాడు. నల్లటి డయల్ పాలిపోయి బూడిద రంగుకు వచ్చింది. అంకెలు మాసిపోయాయి. ఎక్కడ పెడతారని అడిగాను. కిటికీలో అన్నాడు, కనపడుతుంది కదా అని. గాజు కింద ఉన్నా ఎండ ఊరుకోదండీ, రోజూ కాస్త కాస్త తినేస్తుంది, డ్రాయరులో చీకట్లో పెట్టుకోవాలి, ఇంత వయసొచ్చి ఇది కూడా తెలియదా అని మందలించాను. నేను ఒక మనిషిని మందలించడం అరుదు. ఆయన నొచ్చుకున్నట్టున్నాడు.

ఆయన మెట్టు దిగాడో లేదో పట్టకారు కింద పెట్టేసి లేచాను.

పైకి వెళ్ళాను. వదిన నిద్రపోతోంది. డబ్బా కిటికీలో మెరుస్తోంది. ఒక మాత్ర తీసి నా నాలుక కింద పెట్టుకున్నాను. సుద్దముక్క. చీమ లేదు. ఏమీ లేదు.

చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్ళి కొత్త సీసా తెచ్చాను. ఇన్నేళ్ళలో కొట్టు మూయకుండా బయటికి పోవడం ఇదే మొదలు. మెట్ల మీద కూర్చుని కొత్తది ఒకటి నాలుకకు తాకించి తీసేశాను. కుట్టింది. కాసేపటికి కణతలు రెండూ టపటప కొట్టుకున్నాయి. ఆ మెట్ల మీదే అరగంట కూర్చుండిపోయాను.

మట్టిరంగు సీసా ఎందుకో ఇప్పుడు తెలిసింది. నేను డయల్‌ను డ్రాయరులో దాస్తాను. వదిన ప్రాణాన్ని కిటికీలో పెట్టాను.

ఏప్రిల్ 23

కొత్త సీసా మూతలో నొక్కితే పడే పన్ను ఉంది. దాన్ని సన్న ఆకురాయితో అరగదీశాను. ఇప్పుడు ఊరికే తిప్పితే వస్తుంది. నలభై నిమిషాల పని. ఇదే అప్పుడు చేసి ఉంటే.

పాత మాత్రలు పారేశాను. సీసా వదిన పక్కన బల్ల సొరుగులో పెట్టాను. డబ్బా ఏమైందిరా అని అడిగింది. మాత్రలు సీసాలోనే ఉండాలట అన్నాను. ఊఁ అంది. ఇంకేమీ అడగలేదు.

నర్సమ్మకు రేపు చెప్పాలి. చెబితే డాక్టరుకు తెలుస్తుంది, అమ్మాయికి తెలుస్తుంది.

ఏప్రిల్ 24, గురువారం

చెప్పలేదు. మాత్రలు మంచివే ఉన్నాయి కదా ఇప్పుడు. ఇక చెప్పి ప్రయోజనం ఏమిటి.

55. నర్సమ్మ లెక్కా అంతే. సోమవారం నాటికి ఇలాగే ఉంటే డాక్టరుతో మాట్లాడి తగ్గిస్తానంది.

ఏప్రిల్ 26, శనివారం

ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను. రిజిస్టరు ఎందుకు పట్టుకొచ్చానో తెలియదు. చేతికి ఏదో ఒకటి కావాలి కాబోలు.

పదకొండు గంటలకు. నేను కొట్లో ఉన్నాను. పైన బరువుగా పడిన చప్పుడు. వెళ్ళేసరికి వదిన నేల మీద, బల్ల అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. సీసా తెరిచి ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకున్నాను. 44.

ఈసారి ఫోన్ చేశాను. పేరు, వీధి, ఏమైంది, ఎవరు మీరు, అన్నీ అడిగారు. అన్నీ చెప్పాను. మరిదిని అన్నాను. కాళ్ళు ఎత్తి పెట్టమన్నారు, పెట్టాను. వాళ్ళు వచ్చేలోపే కళ్ళు తెరిచింది. ఇద్దరు మనుషులు కుర్చీలో కట్టి ఇరవై రెండు మెట్లూ దించారు. ఆ గోలలోనూ వదిన వాళ్ళతో, నాయనా జాగ్రత్త, పద్నాలుగో మెట్టు కాస్త విరిగింది అంటోంది.

నుదుటికి నాలుగు కుట్లు. ఎముకలకేమీ కాలేదు. ఎందుకు పడిపోయిందో పరీక్షలు చేస్తున్నారు. గుండె ఇంకా పాడైందేమో, లోపలికి గొట్టం పంపి చూడాలేమో అని చిన్న డాక్టరు పెద్ద డాక్టరుతో అంటున్నాడు. నా పక్కనుంచే వెళ్ళారు. నోరు తెరిచాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

అదే రోజు, సాయంత్రం

నర్సమ్మ వచ్చింది. ఆమె పని రోజు కాదు, తెలిసి వచ్చింది. వదినను అడిగింది, ఎన్ని మాత్రలు వేసుకున్నావు మామ్మా అని. వదిన రెండు అంది. ఒకేసారా అంటే, ఒకటి వేస్తే ఏమీ కావడం లేదు, అందుకని ఈ మధ్య రెండేసి వేసుకుంటున్నానంది. వేసుకుని లేచి నిలబడిందట.

నర్సమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. నేను చెప్పాను. ఎలా చెప్పానో అలాగే రాస్తున్నాను.

"మాత్రలు నేనే చంపేశాను. గాజు డబ్బాలో పోసి కిటికీలో పెట్టాను. నలభై రోజులు. మంగళవారం తెలిసింది, కొత్తవి తెచ్చి మార్చాను. ఎవరికీ చెప్పలేదు."

ఎందుకు పోశారని అడిగింది. మూత రాలేదు అన్నాను. ఆమెకు ఏడుపొస్తుందో కోపమొస్తుందో తెలియలేదు.

"మామూలు మూత పెట్టి ఇమ్మంటే మందుల షాపువాడే ఇస్తాడు పెద్దాయనా. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది."

ఒక్క మాట.

తర్వాత లోపలికి వెళ్ళి డాక్టరుతో మాట్లాడింది. ఆయన బయటికి వచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. జబ్బు ముదరలేదట. చచ్చిన మాత్రలు పని చేయకపోవడం చూసి ముదిరిందనుకుని నిండు మాత్ర రాశాడు. అది గుండెను నిదానం చేసింది. దాని మీద కొత్త మాత్రలు రెండు ఒకేసారి పడేసరికి బీపీ దిగిపోయింది. గొట్టం పంపే పని లేదు. మళ్ళీ సగం ముక్కే. మీరు చెప్పకపోతే తప్పు దారిలో ఇంకా చాలా దూరం పోయేవాళ్ళం అన్నాడు. అది పొగడ్త కాదు. తిట్టూ కాదు.

ఏప్రిల్ 27, ఆదివారం

వదిన దగ్గర కూర్చున్నాను. చెబుదామని గొంతు సవరించుకుంటుంటే ఆమే అంది, నాకు తెలుసులేరా అని.

చీమ కుట్టడం మానేసి నెల దాటిందట. మాత్ర మాత్రలా లేదని మార్చి చివరికే తెలిసిందట. నొప్పి వచ్చినా కొన్నిసార్లు చెప్పలేదట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నుదుటి కట్టు సవరించుకుంది.

"ఆ డబ్బా కడిగి, తుడిచి, మూడుసార్లు తీయించి చూశావు. చెబితే చిన్నబుచ్చుకుంటావని. నువ్వు అడగవు, నేను చెప్పను. మధ్యలో ఆ నర్సు పిల్ల ఏం చేస్తుంది, దాని మొహం."

నవ్వింది. కుట్లు లాగాయి, ఆపేసింది. నేను నవ్వలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

అమ్మాయి వచ్చింది. ఎవరూ చెప్పకముందే నేనే చెప్పాను, మొత్తం. డబ్బా, తల ఊపడం, 54ను 56 చేయడం. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. అది తిట్టు కన్నా బరువు.

అమ్మను తీసుకెళ్తాను అంది. తీసుకెళ్ళు అన్నాను. మెట్లు లేని ఇల్లు. మనుషులున్న ఇల్లు. అదే మంచిది. ఇంతకాలం నోటిదాకా రాని మాట వచ్చేసింది.

మే 3, శనివారం

వెళ్ళిపోయారు. కారులో కూర్చున్నాక వదిన, నువ్వూ రారాదూ అంది. కొట్టు ఉంది కదా అన్నాను. ఆ, కొట్టు, అంది. అమ్మాయికి అన్నీ కాగితం మీద రాసిచ్చాను. నాడి ఎక్కడ పట్టాలో బొమ్మ గీశాను. ఎవరైనా పక్కనుంటే ఏ మూతైనా ఫరవాలేదు.

మే 4

గ్లాసు బల్ల మీద పెట్టాను. ఎవరూ తీసుకోలేదు. నేనే తాగాను.

మే 5

సోమవారం. నర్సమ్మ రాదు. నాలుగున్నరకు మెట్ల వైపు చూశాను.

మే 9

నా నాడి 78.

మే 13

కండక్టరు గడియారం పూర్తి చేశాను. కొత్త డయల్ వేశాను. ఆయన వచ్చి తీసుకున్నాడు. ఆ రోజు గట్టిగా అన్నాను, ఏమనుకోకండి అన్నాను. ఏమన్నావు, గుర్తు లేదే అన్నాడు. సొరుగులో పెట్టుకుంటున్నాడట.

మే 20, మంగళవారం

పది గంటలకు అమ్మాయి ఫోన్. గొంతులో కంగారు. అమ్మకు నొప్పి వచ్చింది చిన్నాన్నా, కూర్చోబెట్టి మాత్ర పెట్టాను, రెండు నిమిషాల్లో తగ్గింది, కానీ ఇప్పుడు తల పగిలిపోతోందంటోంది, నన్ను తిడుతోంది, ఏం చేయను అంది.

కుట్టిందా అని అడిగాను. ఏమిటి అంది. చీమ కుట్టినట్టుందని అన్నదా అన్నాను. ఆ, ఏదో చీమంది అంది.

"రానీ అమ్మా తలనొప్పి. మంచిదే. లేవనీయకు, పక్కనే కూర్చో. తిట్టనీ."

నేను ఫోన్‌లో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది, ఫోన్ ఇలా తే అని. తీసుకుంది. ఆయాసం లేదు. మాట గట్టిగా ఉంది.

"చిన్నోడా, వీళ్ళింట్లో గోడగడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడుతోందిరా. నా నాడి దాన్ని చూసే లెక్కపెడుతోంది ఇది. ఆ లెక్క నాకు నమ్మకం లేదు. వచ్చి ఏదో ఒకటి చూడు."

చూస్తాను అన్నాను.

రోజుకు పది నిమిషాలంటే నిమిషానికి అర సెకను కూడా కాదు. ఆ గడియారంతో లెక్కపెడితే నాడి ఒక్క దెబ్బ కూడా తేడా రాదు. అన్నయ్యతో కాపురం చేసిన మనిషికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. నేను చెప్పలేదు. ఇది చెప్పకపోయినా ఎవరికీ ఏమీ కాదు.

సన్న మరల పనిముట్లు, పట్టకారు, కంటి భూతద్దం, నూనె సీసా సంచీలో పెట్టాను. ఇంకా చోటుంటే రెండు జతల బట్టలు, మూడో జత కూడా. కొట్టు తలుపుకు చీటీ రాసి అంటించాను, ఊరెళ్ళాను అని. ఎప్పుడొస్తానో రాయడానికి ఖాళీ వదిలాను. పొద్దున ఏడింటికి బస్సు.